డీజిల్ బండి కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

కోరాపుట్ నుండి నీ మేనమామ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమము.

విశాఖపట్నంలో చూసిన పాత డీజిల్ బండి గురించి నీవు ఫోనులో అడిగినప్పుడు వెంటనే బదులు చెప్పలేదు, ఎందుకంటే అది కాగితం మీద లెక్క వేసుకుని చెప్పవలసిన మాట. ఒకే మోడలులో, ఒకే ఏటి పెట్రోలు బండికన్నా డీజిల్ బండి లక్ష ఎక్కువనుకుందాం. పెట్రోలు లీటరు 100 రూపాయలు, డీజిల్ 92, మైలేజీ పెట్రోలుకు 14, డీజిల్‌కు 18 కిలోమీటర్లని పెట్టుకుంటే కిలోమీటరుకు మిగిలేది రెండు రూపాయలు. ఆ లక్ష వెనక్కి రావాలంటే 50,000 కిలోమీటర్లు తిరగాలి. నీవు వారానికొకసారి జయపురం నుండి మల్కన్‌గిరి వెళ్ళి వస్తావు, నెలకొకసారి మా బావగారిని, అంటే మీ నాన్నగారిని, విశాఖ ఆసుపత్రికి తీసుకువెళతావు. ఏడాదికి 15,000 దాటుతుంది గనుక మూడున్నరేళ్ళలోపే నీకు గిట్టుబాటవుతుంది.

నాకు గిట్టలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ డీజిల్ బండ్లే నడిపిన అలవాటు కొద్దీ, పదవీ విరమణ తరువాత కూడా డీజిలే కొన్నాను. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్యం మీద ప్రభుత్వం పెట్టిన నిబంధనల ఆరో దశ) డీజిల్ బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. దానిని డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే పొగ దాదాపు 600 డిగ్రీల వేడికి చేరాలి, అంటే బండి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. నేనేమో ఉదయం బజారుకు, సాయంత్రం గుడికి, మూడేసి కిలోమీటర్లు తిప్పాను. నాలుగు నెలలకే మీటరులో పసుపు దీపం వెలిగింది. మీ అత్తను పక్కన కూర్చోబెట్టుకుని పొట్టంగి దాకా మూడో గేరులోనూ నాలుగో గేరులోనూ నడిపితే గాని ఆరలేదు. ఇప్పుడు ఆ దీపం వెలిగినప్పుడల్లా ఆవిడ చీర మార్చుకుని తయారవుతోంది. నీ తిరుగుడుకు ఆ బెడద ఉండదు గాని, అమ్మేవాడు ఊరిలోనే తిప్పిన బండయితే ఆ ఫిల్టరు స్థితిని వర్క్‌షాపులో కంప్యూటరు పెట్టించి చూడకుండా మాట ఇవ్వకు.

ఎలాంటి బండి అన్న విషయానికి వస్తే, నీ అవసరానికి తగినది అసలు వెనుక పొడవాటి డిక్కీ ఉన్న ఎస్టేట్ కారే. మన దేశంలో 1990లలో టాటా ఎస్టేట్, ఆ తరువాత ఇండిగో మెరీనా వచ్చాయి గాని జనం ఆదరించలేదు, మనకు అందే ధరలో కొత్తవేవీ లేవు. అందుచేత ఏడు సీట్ల బండి కొని, మూడో వరుస మడిచి దానినే ఎస్టేట్‌గా వాడుకోవాలి. మూడో వరుస నిలబెట్టి ఉంచితే చాలా బండ్లలో రెండు సంచులకు మించి పట్టవు. బండి చూడడానికి వెళ్ళేటప్పుడు బావగారి చక్రాల కుర్చీని వెంట తీసుకువెళ్ళి, మడిచి డిక్కీలో పెట్టి, తలుపు మూసి చూడు. అమ్మేవాడు నవ్వితే నవ్వనీ. బావగారిని కూడా ఎక్కించి, దించి చూడు. బొలెరో వంటి ఎత్తు బండి మన రోడ్లకు బాగుంటుంది గాని, ఆయన మోకాళ్ళకు ఆ మెట్టు కష్టం. నా ఓటు ఎర్టిగా డీజిల్‌కో ఇన్నోవాకో. ఎర్టిగాలో డీజిల్ 2020లోనే ఆగిపోయింది గనుక దొరికేది పాతదే. బీఎస్-4 బండి గనుక దాని పొగ నిబంధనలు కొంత సులువు.

సముద్రతీరం నుండి వచ్చే బండిని నీళ్ళలో మునిగిందేమోనని చూడడం తప్పనిసరి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగు. మునిగిన బండి అయితే చివరి జానెడు మేర బురద చార కనబడుతుంది, ఎందుకంటే కడిగేవాళ్ళు అంత దూరం లాగరు. స్టెప్నీ కింది గుంట, సీట్ల బోల్టుల తుప్పు కూడా చూడు. ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ బుసలు కొడుతూ వస్తే ఆ బండిని వదిలెయ్యి. సాలూరు నుండి కోరాపుట్‌కు వచ్చే సుంకి ఘాటీ కొండదారిలో మనుషులతో నిండిన బండి మూడో గేరులో నల్లపొగ లేకుండా ఎక్కాలి. దిగేటప్పుడు రెండో గేరులో పెడితే బ్రేకు తొక్కకుండానే ఇంజను బండిని పట్టుకోవాలి. సాలూరులో లారీల పని చేసే మేస్త్రీలు ఇంజను చప్పుడు విని సగం సంగతి చెప్పేస్తారు.

కాగితాల దగ్గర నేనొకసారి దెబ్బతిన్నాను. ఆంధ్ర నంబరు బండి కొని, ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి పాత ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం) తరువాత పంపుతానన్న బ్రోకరు మాట నమ్మి పూర్తి సొమ్ము ఇచ్చాను. ఆ బండి మీద బ్యాంకు అప్పు తీరనేలేదని ఎనిమిది నెలల తరువాత తెలిసింది. ఫారం 28 అంటే ఎన్‌ఓసీ, 29, 30 పేరు మార్పుకు, అప్పు ఉండి తీరితే బ్యాంకు సంతకంతో 35. ఇవన్నీ చేతికి వచ్చాకనే మిగిలిన సొమ్ము ఇవ్వు. ఒడిశాలో మళ్ళీ రోడ్డు పన్ను కట్టి ఓడీ నంబరు వేయించుకోవాలి గనుక, ఆ ఖర్చును కూడా బేరంలో తగ్గించుకో.

వచ్చే ఆదివారం నేనూ వస్తాను. మేము వచ్చేదాకా బండి స్టార్టు చేయవద్దని అమ్మేవాడికి ముందే చెప్పు. ఉదయం ఆరింటికి వెళ్ళి బానెట్ మీద చెయ్యి పెడతాను. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజను లోపం దాచడానికి ముందే స్టార్టు చేశాడన్నమాట, టీ తాగి తిరిగి వచ్చేద్దాం.

ఇట్లు,
నీ మేనమామ