జారీ పరాయి మాటేనా?

సందేహం: మాది అమలాపురం దగ్గర పల్లె. మా తాతగారి పెట్టెలో రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి ఒక కంపెనీ వాటాల ప్రకటన దొరికింది. 'ఈ ఇష్యూకు కేంద్ర ప్రభుత్వ సమ్మతి పొందబడియున్నది. అంతమాత్రాన పథకం ఆర్థిక పటుత్వానికి ప్రభుత్వం బాధ్యత వహించదు' అని అందులోని ఇంగ్లీషు వాక్యాలకు తెలుగు చేసుకున్నాను. దీని మీద ఒక వ్యాసం రాస్తున్నాను. సర్కారు సమ్మతి లేనిదే వాటాలు వదలకూడదన్న ఈ కట్టడిని 'మూలధన జారీపై నియంత్రణ' అనాలా, 'పెట్టుబడుల సేకరణపై నియంత్రణ' అనాలా? జారీ ఉర్దూ మాట, వదిలేయమని మిత్రులు అంటున్నారు.

సమాధానం: ఆ లెక్కన ఖరీదు, వసూలు, రైతు కూడా వదిలేయాలి. రైతు అనే మాట లేకుండా డెల్టా గురించి మీ మిత్రులు ఒక్క పేజీ రాస్తే చదవాలని ఉంది.

జారీ అరబ్బీలో పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా మన సర్కారు కచేరీల్లోకి వచ్చింది. మూలార్థం 'పారుతున్నది'. నడుస్తున్నది, అమల్లో ఉన్నది, బయటికి వదిలినది అనే అర్థాలు ఆ పారకంలోంచే వచ్చాయి. మన 'జారు'తో దీనికి చుట్టరికం లేదు. చెవికి దగ్గరగా ఉండబట్టే ఇంత తేలిగ్గా కలిసిపోయిందేమోనని నా అనుమానం. కాలవల కింద బతికే మనకు ఇంతకన్నా నప్పే మాట ఏముంది? 1943 మేలో సర్కారు చేసింది లాకు తలుపు దించడమే. భారత రక్షణ నిబంధనల్లో 94-ఎ అనే నిబంధన చేర్చి, తన సమ్మతి లేనిదే కంపెనీలు కొత్త వాటాలు వదలకూడదంది. యుద్ధ ఖర్చుకు నోట్లు పెరిగి ధరలు మండుతున్నాయి. జనం చేతుల్లో ఆడుతున్న డబ్బు చూసి కొత్త కంపెనీలు పుట్టుకొస్తున్నాయి. ఆ డబ్బూ, కరువైన సరుకూ ముందు యుద్ధానికి అక్కరకు రావాలన్నది సర్కారు ఆలోచన. యుద్ధం అయిపోయినా తలుపు లేవలేదు. 1947లో అదే చట్టమై 1992 దాకా నిలిచింది.

'సేకరణ' దగ్గర నాకు పేచీ ఉంది. నగదుకు ఇచ్చినా, మరోలా ఇచ్చినా వాటాలు పుట్టించడమంతా ఆ చట్టం లెక్కలో మూలధన జారీయే. ఉన్న వాటాదారులకు ఊరికే ఇచ్చే బోనస్ వాటాలకు కొత్తగా పైసా రాదు, అయినా అనుమతి తప్పదు. అక్కడ సేకరించింది ఏమిటి?

పెట్టుబడి అంటే మన రైతుకు దాళ్వాకి, అంటే రెండో పంటకి, ఎకరానికి అయిన ఖర్చు. పోనీ 'మదుపు' అందామంటే, అది డబ్బు పెట్టేవాడి వైపు మాట. నియంత్రణకు అభ్యంతరం లేదు గానీ, ఆనాటి జనం దాన్ని కంట్రోలు అన్నారు: కంట్రోలు బియ్యం, కంట్రోలు గుడ్డ. మీ వ్యాసం ఊళ్లోవాళ్ల కోసమైతే 'వాటాల జారీపై కంట్రోలు' అని రాసినా నేను ఎర్రసిరాతో దిద్దను. పుస్తకానికైతే 'మూలధన జారీపై నియంత్రణ' మేలనిపిస్తుంది. ఇంతకన్నా గట్టిగా చెప్పలేను.

జారీని వెనకేసుకొచ్చాను కదా అని ఎక్కడపడితే అక్కడ వాడకండి. 'హెచ్చరికలు జారీ చేయడం జరిగింది' అని రోజూ వార్తల్లో వింటున్నాం. హెచ్చరించారు అంటే సరిపోదా?

మీ వాక్యంలోని 'పొందబడియున్నది' మాత్రం తీసేయండి. కంపెనీ వాళ్లు సమ్మతి పొందారు, అంతే.