రామానుజన్‌ని టైమ్ మెషిన్ ఎక్కిస్తే కేసు పడుతుందా?

ప్రశ్న: టీవీకి ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్ రాస్తున్నాను. గణిత మేధావి రామానుజన్ టైమ్ మెషిన్‌లో మన కాలానికి వస్తారు. ఆయన సూత్రాలు గ్రహాంతరవాసులు చెప్పినవే. ప్రొఫెసర్ హార్డీ ఆయన నోట్‌బుక్ కాజేస్తాడు. ఇప్పుడు జీవించి ఉన్న ఒక శాస్త్రవేత్తను కూడా పేరు మార్చి, ప్రయోగ ఫలితాలు తారుమారు చేసినవాడిగా చూపిస్తున్నాను. వారసుల అనుమతి కావాలా?

జవాబు: గ్రహాంతరవాసులతో చట్టానికి పేచీ లేదు. ఎవరూ నిజమనుకోని కల్పనతో ఎవరి పరువూ పోదు. చిక్కల్లా నమ్మదగ్గ చోటే. ఒక్క మెలిక ఉంది: తన సూత్రాలు నామగిరి అమ్మవారి అనుగ్రహమని రామానుజన్ చెప్పుకునేవారు. ఆ అమ్మవారే గ్రహాంతరవాసి అని రాశారా, మత మనోభావాలు గాయపరిచారంటూ భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద ఫిర్యాదుకు దారి ఇచ్చినట్టే. దురుద్దేశం రుజువైతేనే శిక్ష, నిజమే. కానీ అంతవరకూ కోర్టు చుట్టూ తిరిగేది మీరే.

అనుమతి తప్పనిసరి కాదు. ప్రైవసీ హక్కు మనిషితోనే పోతుందని, వారసులకు రాదని జయలలిత జీవితకథ వివాదంలో మద్రాసు హైకోర్టు 2021లో చెప్పింది. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ విషయంలో 2023లో ఢిల్లీ హైకోర్టుదీ అదే మాట.

క్రిమినల్ పరువునష్టం వేరు. అదే సంహిత 356వ సెక్షన్ వివరణ ప్రకారం, బంధువుల మనసు నొప్పించే ఉద్దేశంతో చనిపోయినవారిపై నింద వేసినా నేరమే. హార్డీ 1947లో పోయారు, పెళ్లి చేసుకోలేదు. కాబట్టి ముప్పు స్వల్పం. అయినా ఆ దొంగతనం నాకు మింగుడుపడలేదు. 1913లో మద్రాసు పోర్ట్ ట్రస్ట్ గుమాస్తాగా ఉన్న రామానుజన్ రాసిన ఉత్తరం చదివి, ఆయన్ని కేంబ్రిడ్జికి రప్పించిన మనిషి హార్డీ. కథకు దొంగే కావాలంటే ఒక కల్పిత ప్రొఫెసర్‌ను పెట్టుకోండి.

చారిత్రక విషయాలపై కాపీరైట్ ఎవరికీ లేదని సుప్రీంకోర్టు 1978లోనే, ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. అయితే ఈమధ్య వచ్చిన జీవితచరిత్రలో రచయిత ఊహించి రాసిన సంభాషణలు ఎత్తుకోకండి, అవి ఆ రచయిత సొత్తు.

అసలు ప్రమాదం మీ మూడో పాత్ర. పేరు మార్చినా చూసినవాళ్లు ఫలానా ఆయనే అని పోల్చుకోగలిగితే చాలు, సివిల్, క్రిమినల్ రెండు దారుల్లోనూ ఆయన మీ మీదికి రావచ్చు. 'పాత్రలన్నీ కల్పితం' అన్న కార్డు అక్కడ ఆదుకోదు. ఆ పాత్ర పరిశోధన రంగం, పనిచేసే సంస్థ, అవార్డులు, మాటతీరు అన్నీ మార్చండి. అలా మారిస్తే కథ నిలవదనుకుంటే ఆ పాత్రను తీసేయండి.

నిర్మాతతో ఒప్పందంలో ఇండెమ్నిటీ క్లాజు ఉందేమో చూడండి. ఉంటే కేసు ఖర్చు, నష్టపరిహారం మీ నెత్తిన పడతాయి. సంతకం పెట్టేముందు ఆ కాగితం ఒక లాయరుకు చూపించండి.