ఏడేళ్ల పాపకు కోడింగ్ క్లాసులు అవసరమా?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు, రెండో తరగతి చదువుతోంది. ఆన్‌లైన్‌లో కోడింగ్ నేర్పే ఒక సంస్థవారు ఉచితంగా డెమో క్లాసు పెట్టి, పాపకు మంచి లాజిక్ ఉందనీ, ఇప్పుడే చేర్పించకపోతే తోటి పిల్లల కంటే వెనకబడుతుందనీ అన్నారు. ఏడాది ఫీజు యాభై వేల పైమాటే. మావారు కట్టేద్దామంటున్నారు. ఇంత చిన్నపిల్లకు ఇప్పట్నుంచీ కంప్యూటరేమిటని మా అత్తగారి అభ్యంతరం. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఆ ఫీజు ఇప్పుడు కట్టనక్కరలేదు. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా కోడింగ్‌ను 6 నుంచి 8 తరగతుల మధ్య దశలోనే ప్రవేశపెట్టాలని చెప్పింది కాబట్టి, రెండో తరగతి పిల్ల వెనకబడిపోతుందన్న మాట కేవలం అమ్మకందారు మాట. అయితే ఆ విధానమే, క్రమపద్ధతిలో ఆలోచించి లెక్క తేల్చే అలవాటును తొలి దశ నుంచే పెంచాలని కూడా అంది. ఆ అలవాటుకు మీ వాకిలి చాలు.

మధ్య వరుసలో 5 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గిస్తూ, 1 వచ్చే వరకు సందు చుక్కలు పెట్టాలని మీ అత్తగారు చెప్పే ముగ్గునే తీసుకోండి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ పనిని మళ్లీ మళ్లీ చేయాలి, ఎప్పుడు ఆపాలి అనే మూడూ అందులో ఉన్నాయి. ప్రోగ్రాములోనూ ముఖ్యంగా ఉండేవి అవే. ఇప్పుడు పాప చెబుతుంటే ముగ్గుపిండి మీరు పట్టుకోండి. ఆమె చెప్పినంతే చేయాలి, మీ తెలివి కలపకూడదు. సందు చుక్కలని చెప్పడం మరిచిపోతే చుక్కల కిందే చుక్కలు పెట్టేయండి. ముగ్గు చెడుతుంది, పాప నవ్వుతుంది, తాను ఏ మాట వదిలేసిందో వెతుక్కుంటుంది. అన్నీ సరిగా పడితే మొత్తం 25 చుక్కలు రావాలి. లెక్క తప్పితే ఏ వరుసలో తేడా వచ్చిందో పట్టుకోవడమూ ఆమె పనే. ప్రోగ్రామర్లు డీబగ్గింగ్ అనేది దీన్నే.

పిల్లల కోసం సీమోర్ పాపెర్ట్, సింథియా సోలమన్ తదితరులు 1967లో అమెరికాలో రూపొందించిన లోగో అనే కంప్యూటర్ భాష కూడా ఇలాంటి ఆలోచన మీదే నడిచింది. అందులో తెర మీది తాబేలుకు ముందుకు వెళ్లమనీ, పక్కకు తిరగమనీ చెబితే అది గీత గీస్తూ పోతుంది. చతురస్రం రావాలంటే ఎన్నిసార్లు తిరగాలో తెలియని పిల్లవాడు తానే లేచి తాబేలులా నడిచి చూసుకోవచ్చు.

తెర మీద కూడా ఏదైనా చూపించాలనుకుంటే, 5 నుంచి 7 ఏళ్ల పిల్లల కోసం 2014లో వచ్చిన స్క్రాచ్‌జూనియర్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఆదేశాలు రాయక్కర్లేదు, ఒక్కో ఆదేశానికి ఒక్కో దిమ్మె చొప్పున వరుసగా పేర్చితే తెర మీది బొమ్మ అలా చేస్తుంది. ఆ దిమ్మెల మీద బాణాలు, బొమ్మల గుర్తులే ఉంటాయి కనుక చదవడం పూర్తిగా రాకపోయినా ఇబ్బంది లేదు. ఎనిమిదేళ్లు దాటాక ఇలాంటిదే, పెద్ద పిల్లల కోసం చేసిన స్క్రాచ్‌కు మారవచ్చు, అదీ ఉచితమే. ఈ వయసులో తెర ముందు గడిపే సమయం, టీవీ, ఫోను కూడా కలుపుకొని, రోజుకు రెండు గంటల లోపే ఉండాలని భారతీయ పిల్లల వైద్యుల సంఘం సూచించింది. కోడింగ్ పేరుతో దానికి మినహాయింపు ఇవ్వకండి.

మీవారు ఇంకా పట్టుబడితే, ఆ డెమో క్లాసులో పాప చేసిన ఆటను మళ్లీ తెరిపించి, అందులోని బొమ్మ, పిల్లి అనుకుందాం, కుడివైపుకు కాకుండా ఎడమవైపుకు నడిచేలా ఎవరి సాయమూ లేకుండా మార్చమనండి. మార్చగలిగితే ఏదో కొంత నేర్చుకుందన్నమాట. లేకపోతే టీచరు చూపించిన దిమ్మెను చూపించిన చోట పెట్టింది, అంతే. సర్టిఫికెట్ మాత్రం రెండు సందర్భాల్లోనూ వస్తుంది.

ప్రశ్న: ప్రభుత్వ పాఠశాలలో అయిదో తరగతికి చెబుతున్నాను. మా బడిలో కంప్యూటర్లు లేవు. పిల్లలకు ఇంగ్లీషు అంతంతమాత్రం. వీరికి ఏమైనా నేర్పవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తప్పకుండా నేర్పవచ్చు. కంప్యూటర్ లేకుండానే దాని పద్ధతులు నేర్పే ఆటలను న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం వారు ఎంతో కాలంగా తయారుచేస్తున్నారు. వాటిలో ఒకటి చెబుతాను. పాత క్యాలెండర్ కాగితాల వెనుక 16, 8, 4, 2, 1 చుక్కలు వేసి, అయిదుగురు పిల్లలకు ఇచ్చి ఆ వరుసలోనే నిలబెట్టండి. మీరు 13 అనగానే 8, 4, 1 కార్డులవారు చుక్కలు చూపాలి, మిగిలినవారు కార్డు తిప్పేయాలి. చూపినది 1, తిప్పినది 0 అనుకుంటే పదమూడు 01101 అవుతుంది; కంప్యూటర్ సంఖ్యలను దాచుకునే తీరు ఇదే. అయిదు కార్డులతో 31 వరకే వెళ్లగలం. 32 ఎలా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఆరో కార్డు మీద ఎన్ని చుక్కలుండాలో మాత్రం మీరు చెప్పకండి.