రియాక్టర్ ఉంటే బాంబు ఉన్నట్టేనా?

"కరెంటు కోసం రియాక్టర్ కట్టుకున్న దేశం బాంబు కూడా చేసేస్తుందా? డిబేట్‌లో ఏం చెప్పాలి?" అని అడిగారు కదా. రియాక్టర్ ఒక్కటే చూస్తే చిక్కు విడదండీ. ఇంధనం ఎక్కడ తయారవుతోంది, వాడేశాక ఎటు పోతోంది అన్నది చూడాలి.

గనిలో దొరికే యురేనియంలో సులువుగా చీలి శక్తినిచ్చే 235 రకం 0.7 శాతమే. మామూలు రియాక్టర్లకు 3 నుంచి 5 శాతం చాలు, బాంబుకైతే దాదాపు 90 కావాలి. 5కీ 90కీ చాలా దూరం అనిపిస్తుంది గానీ, అసలు కష్టమంతా మొదట్లోనే. 5 శాతానికి చేరేసరికే సగానికి పైగా పని అయిపోతుంది. పైగా ఈ శుద్ధి చేసే సెంట్రిఫ్యూజులూ (గిర్రున తిరుగుతూ 235 వాటా పెంచే యంత్రాలు) రెండిటికీ అవే! ఇరాన్ మీద అంత గొడవ అందుకే.

బాంబుకు రెండో దారి ప్లుటోనియం. వాడేసిన ఇంధనంలో ఉంటుంది, కానీ రీప్రాసెసింగ్ ప్లాంటు లేకపోతే విడదీయలేరు. 1974లో మన పోఖ్రాన్ పరీక్షకు ప్లుటోనియం వచ్చింది సైరస్ అనే పరిశోధన రియాక్టర్ నుంచి, కరెంటు రియాక్టర్ నుంచి కాదు. ఈ పాయింట్ గట్టిగా పట్టుకోండి.

అవతలివాళ్లు ఇంకా వాదిస్తే యూఏఈ పేరు చెప్పండి. బరాకాలో నాలుగు రియాక్టర్లు నడుపుతోంది, యురేనియం శుద్ధీ రీప్రాసెసింగూ రెండూ చేయబోనని 2009లోనే అమెరికాతో ఒప్పందం రాసుకుంది.