అమ్మగారి నొప్పికి గంజాయి నూనె తెప్పించే ముందు

అమ్మగారి క్యాన్సర్ నొప్పికి కాలిఫోర్నియా నుంచి మీ తమ్ముడు గంజాయి నూనె తెస్తానంటున్నాడని రాశారు. దయచేసి తేనివ్వకండి. అక్కడ చెల్లినా, ఇక్కడ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అది నేరం. అక్కడి డాక్టరు చీటీ మిమ్మల్ని కాపాడదు. ఆకు మాత్రం ఆ చట్టంలోని గంజాయి నిర్వచనంలోకి రాదు. అందుకే ఆ ఆకుతో చేసిన ఆయుర్వేద మందులు ‘విజయ’ పేరుతో వైద్యుల చీటీపై దొరుకుతాయి. కానీ ఆమె రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ వాడుతున్నారన్నారు, నా భయమంతా అదే. గంజాయిలోని సీబీడీ అనే పదార్థం ఆ మందు ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తెప్పించగలదు. క్యాన్సర్ వైద్యుణ్ణి అడగకుండా ఒక్క చుక్క కూడా ఇవ్వకండి.

ఇంతకీ మార్ఫిన్ మాత్రలు ప్రయత్నించారా? హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి ఉపశమన విభాగం ఉంది, వెళ్లి అడగండి. అలవాటవుతుందన్న భయంతో ఆమెను బాధలో ఉంచకండి. మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పకపోవచ్చు, మొదటి రోజే దానికీ మందు రాయించుకోండి.