ఆ గోడను ఖాళీగానే ఉంచు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేసి, నువ్వు హైదరాబాద్ నుంచి వచ్చి హనుమకొండలో సర్కారు బడి టీచర్లతో అదేదో అన్‌కాన్ఫరెన్స్ పెడుతున్నావని చెప్పాడు. స్టేజీ లేదట, ముఖ్య అతిథి లేడట, ఎవరేం మాట్లాడతారో ఆ పొద్దున దాకా ఎవరికీ తెలియదట. వాడి గొంతులో సగం గర్వం, సగం "నువ్వన్నా చెప్పక్కా, అందరిని పిలిచి పరువు తీసుకుంటదేమో" అన్న భయం. నాకూ రెండూ ఉన్నాయి. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు, అందుకని కూర్చొని రాస్తున్నాను. చివరిదాకా చదువు.

చిన్నవి ముందు చెప్పేస్తా. రెండో శనివారం పెట్టుకో, బడికి సెలవుంటుంది. లగ్గాల రోజు చూసి మానుకో. మేడారం జాతర ఉన్న ఏడాది మాఘమాసం జోలికి పోకు, బస్సులన్నీ అటే పోతాయి, ములుగు దిక్కు నుంచి రావాల్సినవాళ్లు ఎట్లా వస్తారు? ఆడవాళ్లకు బాత్రూం శుభ్రంగా ఉందో లేదో ముందు రోజు నువ్వే వెళ్లి చూడు, వాచ్‌మన్ మాట నమ్మకు. బెంచీలు గోడకు జరిపించి జంఖానాలు పరిపించు, గుండ్రంగా కూర్చుంటే వెనక వరస అనేది ఉండదు.

చాయ్ మాత్రం రోజంతా ఉండాలి. ఇది నా పిచ్చి కాదు. హారిసన్ ఓవెన్ అనే అమెరికాయన 1983లో ఏడాదంతా తిప్పలుపడి 250 మందికి పెద్ద సదస్సు పెడితే, అందులో అన్నిటికన్నా బాగున్నవి కాఫీ బ్రేకులేనని తేలిందట. అట్లయితే మొత్తం కాఫీ బ్రేక్ లాగే నడిపిస్తే పోలా అనుకొని 1985లో ఓపెన్ స్పేస్ అనే పద్ధతి మొదలుపెట్టాడు. నువ్వు చెప్పే బార్‌క్యాంప్ అనే అన్‌కాన్ఫరెన్స్ 2005లో కాలిఫోర్నియాలో మొదలైందే కదా, దానికన్నా ఇరవై ఏళ్లు ముందు మాట ఇది. ఆ ఓపెన్ స్పేస్‌లో నాకు బాగా నచ్చింది రెండు కాళ్ల సూత్రం. నువ్వున్న చోట నేర్చుకునేదీ లేదు, నేర్పేదీ లేదు అనిపిస్తే లేచి ఇంకో గదికి పోవాలి, అది మర్యాద తప్పడం కాదు. ఈ మాట పొద్దున్నే, గట్టిగా, రెండుసార్లు చెప్పు. మనవాళ్లు లేచిపోవడానికి మొహమాటపడతారు, నిద్రపోవడానికి పడరు.

ఇగ అసలు సంగతి.

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు నేను కూడా ఇలాంటిదే ఒకటి పెట్టిన. మీ బాపుకు కూడా తెలియదు. అరవై మంది టీచర్లు, మూడు గదులు, నాలుగు పీరియడ్లు, అంటే గోడ మీద పన్నెండు గళ్లు. పొద్దున అందరూ గుండ్రంగా కూర్చుంటే, చెప్పాలనుకున్నవాళ్లు, అడగాలనుకున్నవాళ్లు లేచి కాగితం మీద రాసి, పైకి చదివి, గడిలో అతికించాలి. అంతే పద్ధతి. కానీ ముందురోజు రాత్రి నాకు గుండె జారిపోయింది. ఎవరూ లేవకపోతే? అరవై మంది నా మొహం చూస్తూ కూర్చుంటే? ఇద్దరు స్నేహితురాళ్లను పిలిచి, నీలం స్కెచ్‌పెన్నుతో తొమ్మిది గళ్లు నేనే నింపేసిన. లెక్కల ఆటలు, లైబ్రరీ పీరియడ్, గ్రహణం చూపించడం, ఇట్లాంటివన్నీ. మిగిలిన మూడు, పొద్దున్నే మాటకారులు ముగ్గురు నిమిషంలో పట్టేశారు.

ఏటూరునాగారం అవతల నుంచి ఒక సారు వచ్చాడు. ఒక్క టీచరే ఉన్న బడి, పిల్లలంతా కోయవాళ్లు. చంకలో చార్టు చుట్ట, దానికి రెండు రబ్బరుబ్యాండ్లు. గోడ ముందు నిలబడి గళ్లన్నీ ఒక్కొక్కటీ చదివి, "అన్నీ నిండినయి గదా మేడం" అన్నాడు. "అయ్యో, వచ్చేసారి మీదే మొదటిది సార్" అన్నాను. నవ్వుతూ అన్నాను చూడు, అది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మధ్యాహ్నం సాంబారు బకెట్ పట్టుకొని వరండాలోకి వస్తే, ఆయన ఆ చార్టు నేల మీద పరిచాడు. నాలుగు మూలలకు నాలుగు స్టీలు గ్లాసులు పెట్టాడు. ఒక్కో బొమ్మకు ఒక పక్క కోయ మాట తెలుగు లిపిలో, ఇంకో పక్క తెలుగు మాట. ఒకటో తరగతి పిల్లకు టీచర్ మాట అర్థం కాకపోతే అక్షరం ఎట్లా ఎక్కుతుంది అని అడుగుతున్నాడు. చుట్టూ ఎనిమిది మంది, చేతుల్లో అన్నం ఆరిపోతున్నా పట్టించుకోవడం లేదు. ఆ రోజు మొత్తంలో నిజంగా జరిగిన చర్చ అదొక్కటే. రెండు గంటలైంది, టైమ్ ప్రకారం గంట కొట్టించింది నేనే. వాళ్లు లేచిపోయారు. ఆయన చార్టు చుట్టుకొని నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయాడు. సాయంత్రం అందరూ "ప్రోగ్రాం మంచిగ జరిగింది మేడం" అన్నారు, గ్రూప్ ఫోటో దిగినం. ఆ వచ్చేసారి మళ్లీ రాలేదు.

అందుకే చెప్తున్నా, గోడ ఖాళీగా ఉంచు. ఆ నిశ్శబ్దం మూడు నిమిషాలు ఉంటుంది, నీకు మూడు గంటల్లా అనిపిస్తుంది, ఓర్చుకో. ఒకరు లేస్తే తర్వాత తోసుకుంటారు. చెప్పేదేమీ లేకపోయినా అడిగేది ఉంటే చాలు, ప్రశ్న రాసి అతికించమను.

ఖాళీ అన్నాను కదా అని ఏర్పాటే లేకుండా వదిలేస్తావేమో, అదీ తప్పే. మేడారంలో లక్షల మంది ఎవరిష్టం వాళ్లదన్నట్టు తిరుగుతారు, కానీ కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలకలగుట్ట నుంచి సమ్మక్క ఏ రోజు గద్దెకు రావాలో ఆ రోజే వస్తారు. నీ గళ్లూ, గదులూ, టైమూ గట్టిగా ఉండాలి. లోపల రాత మాత్రం నీది కాదు. ప్రతి గదిలో ఒకరు ఏం మాట్లాడుకున్నారో ఒక కాగితం మీద రాయాలి, లేకపోతే సోమవారానికి ఎవరికీ గుర్తుండదు.

ఇంకొకటి, మైకు పెట్టకు. మైకు కనబడితే ఎవరో ఒక పెద్దసారు వచ్చి "రెండే రెండు మాటలు" అంటాడు. పూలదండ తెప్పిస్తే ఇంటికి రాకు. పెద్దసార్లు రావొద్దని కాదు, వస్తే జంఖానా మీద కూర్చోమను. నీకు చెప్పే ధైర్యం లేకపోతే నేను చెప్తాను.

నీకు ధైర్యం లేదని కాదులే. చిన్నప్పుడు పెళ్లిళ్లలో నా కొంగు పట్టుకొని వెనక దాక్కునేదానివి, ఎవరన్నా పేరడిగితే నన్నే చెప్పమని కొంగు గుంజేదానివి. ఆ పిల్ల ఇవాళ, మాట్లాడనివాళ్లు మాట్లాడే సభ పెడుతుందంటే... మీ బాపుకు చెప్పకు గానీ, ఫోన్ పెట్టేశాక కాసేపు ఏడ్చిన.

నేను వస్తాను. ఆ మూడు నిమిషాల్లో నేనే లేచి ఏదో ఒకటి మాట్లాడబోతాను, నా సంగతి నాకు తెలుసు. అప్పుడు నా కొంగు గుంజి కూర్చోబెట్టు.

చాయ్‌తో పాటు సర్వపిండి నా ఖర్చు. ఎంతమందో గురువారం లోపల చెప్పు, బియ్యం పట్టించాలి.

మీ అత్త