పాల్ డీవీడీని ఎన్‌టీఎస్‌సీలోకి మార్పించకండి

శ్రీకాకుళంలో తీయించిన మీ పెళ్లి డీవీడీ అమెరికాలోని మీ ప్లేయర్‌లో ఆడడం లేదు, మన పాల్ వీడియో పద్ధతి నుంచి అమెరికావాళ్ల ఎన్‌టీఎస్‌సీ పద్ధతికి మార్చి కొత్త డిస్క్ ఎక్కడ చేయించాలి అని అడిగారు. ఎక్కడా చేయించకండి. డిస్క్‌లో ఉన్న ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు కంప్యూటర్లోకి తీసుకోండి, చాలు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో ఇదే పని స్టూడియోకిచ్చి చేయిస్తే ఏమైందో కళ్లారా చూశాను.

ముందు రీజియన్ కోడ్ గోల, అంటే ఒక ప్రాంతం డిస్కు ఇంకో ప్రాంతం ప్లేయర్‌లో ఆడకుండా వేసే తాళం సంగతి, పక్కన పెట్టండి. ఇండియాది 5, అమెరికాది 1 అని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అది సినిమా కంపెనీలు అమ్మే డిస్కులకు. ఇంట్లోనో స్టూడియోలోనో రాసిన డిస్కుకు మామూలుగా ఆ తాళమే ఉండదు. మీ ఇబ్బంది పాల్‌తోనే. మన పాల్ డీవీడీలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 బొమ్మలు, ఒక్కో ఫ్రేముకు 576 అడ్డగీతలు. అమెరికా ఎన్‌టీఎస్‌సీలో 29.97 ఫ్రేములు, 480 గీతలు. మార్చితే 96 గీతలు పోతాయి, సెకనుకు దాదాపు 5 ఫ్రేములు కొత్తగా పుట్టించాలి. తీయని బొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? ఉన్న ఫ్రేమునే రెండోసారి చూపిస్తారు, లేదా పక్కపక్క ఫ్రేములు రెండింటినీ కలిపేస్తారు.

అలా కలిపితే ఎలా ఉంటుందో చెబుతాను. మా అమ్మమ్మగారి ఊరు బొబ్బిలి దగ్గర. తాత తప్పెటగుళ్ల జట్టుకు గురువు; రొమ్ము మీద తప్పెట కట్టుకుని వాయిస్తూ, పాడుతూ ఆడే ఆట అది. అమ్మవారి పండక్కి ఆయన ఆడింది మా బావ హ్యాండీక్యామ్‌లో తీశాడు, చిన్న డీవీడీ డిస్క్ మీద నేరుగా రికార్డయ్యే రకం. తాత పోయాక ఆయన కదులుతూ కనిపించేది ఆ డిస్క్‌లోనే. న్యూజెర్సీలో ఉన్న అక్క ప్లేయర్‌లో అది ఆడలేదు. బావ ఊరొచ్చినప్పుడు ఒక స్టూడియోకిచ్చి ఎన్‌టీఎస్‌సీ డిస్క్ చేయించి పట్టుకెళ్లాడు. అక్కడ ఆడింది. ఆడాక అక్క ఫోన్ చేసింది: "ఏటిరా ఇది, తాతకి నాలుగు చేతులున్నట్టున్నాయి. చెయ్యి లేచిపోయాక చప్పుడొస్తోంది."

తర్వాత నేనూ చూశాను. రొమ్ము మీద కట్టిన తప్పెట మీద రెండు చేతులూ పడుతుంటే ఒక్కో చేతి పక్కన పొగలాంటి ఇంకో చెయ్యి. గజ్జెల కాళ్లు నేలను తాకే చోట పాదం రెండుగా చీలిపోయి కనిపిస్తోంది. దెబ్బ పడ్డ క్షణానికి చప్పుడు లేదు, చెయ్యి పైకి లేచాక వినిపిస్తోంది. మాటలైతే ఆ తేడా చాలామంది పట్టించుకోరు. తప్పెటగుళ్లలో చెయ్యి, అడుగు, పాట మూడూ ఒక్క దెబ్బ మీద కలవాలి. తాత జీవితమంతా కుర్రాళ్లకు నేర్పింది ఆ కలయికే. పైగా మొదట్లో స్టూడియోవాళ్లు గులాబీ పూలు రాలుతున్నట్టు టైటిల్ ఒకటి అతికించారు. ఎవరడిగారు?

అసలు డిస్క్ బావ జాగ్రత్తగా దాచాడు కాబట్టి బతికిపోయాం. దాన్ని విజయనగరంలో నా కంప్యూటర్‌లో పెట్టి వీడియో టీఎస్ అనే ఫోల్డర్ మొత్తం కాపీ చేశాను. అందులో వీఓబీ ఫైళ్లుంటాయి, అవే అసలు వీడియో. కంప్యూటర్లో వీడియోలు ఆడించే వీఎల్‌సీ ప్లేయర్‌లో అవి ఏ దేశంలోనైనా ఆడతాయి, ఏ మార్పూ అక్కర్లేదు. టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి చూడాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4 చేసుకోండి. ఫ్రేమ్ రేట్ దగ్గర మూలంలో ఉన్నదే ఉంచండి, 29.97 జోలికి వెళ్లొద్దు. కదిలే అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే వాటిని తీసేసే డీఇంటర్లేస్ పెట్టండి. అందులో బాబ్ అనే పద్ధతి ఎంచుకుంటే సెకనుకు 50 ఫ్రేములొస్తాయి, తప్పెటగుళ్లలాంటి వేగమైన ఆటకు అదే సరి. ఎంపీ4 వచ్చింది కదా అని వీఓబీలు చెరిపేయకండి. రేపు ఇంతకంటే మంచి సాఫ్ట్‌వేర్ వస్తే మళ్లీ వాటి నుంచే చేసుకోవాలి.

అమెరికా నుంచి ఇక్కడికొచ్చే డిస్కులతో ఇంత బాధ లేదు. మన దగ్గర అమ్మిన చవక ప్లేయర్లు కూడా చాలావరకు రెండూ ఆడేవి. పాత టీవీలో బొమ్మ నలుపు తెలుపైపోయి దొర్లుతుంటే ప్లేయర్ రిమోట్ మీద ఎన్/పీ బటన్ నొక్కితే చాలాసార్లు కుదురుకునేది. అక్కడి ప్లేయర్లే ఎక్కువభాగం పాల్‌ని ముట్టుకోవు. కోట్లమంది వాడే పద్ధతిని అంత తేలిగ్గా తీసిపారేశారంటే నాకు ఇప్పటికీ కోపమే.

హ్యాండీక్యామ్ చిన్న డిస్కులున్నవాళ్లకు రెండు జాగ్రత్తలు. కంప్యూటర్‌లో పెడితే ఖాళీగా కనిపిస్తే పారేయకండి, అది ఫైనలైజ్ కాలేదేమో, అంటే వేరే యంత్రాలు చదివేలా రికార్డింగ్ ముగించలేదేమో. వీలైతే తీసిన కెమెరాలోనే ఫైనలైజ్ చేయాలి. అలాగే ఆ 8 సెంటీమీటర్ల డిస్కును ట్రే లేకుండా లోపలికి లాక్కునే డ్రైవ్‌లో పెట్టకండి, ఇరుక్కుంటుంది.

ఇక మీ పెళ్లి డిస్క్ సంగతి. మన స్టూడియోలవాళ్లు పెళ్లి వీడియో మొత్తం మీద సినిమా పాటలు పరిచేస్తారు. సన్నాయి ఉండదు, మంత్రాలుండవు, అప్పగింతల్లో మీ అమ్మగారు ఏమన్నారో వినపడదు. డిస్కును ఏ ఫార్మాట్‌లోకి మార్చినా ఆ గొంతులు తిరిగిరావు. డీవీడీల రోజుల్లో పెళ్లిళ్లు చాలావరకు మినీ డీవీ అనే చిన్న క్యాసెట్ టేపుల మీద తీసేవారు, అసలు శబ్దం ఆ టేపులో ఉంటుంది. అమెరికాలో డిస్క్ చేసేవాళ్ల కోసం వెతికే బదులు, శ్రీకాకుళంలో మీవాళ్లెవరినైనా ఆ స్టూడియోకి పంపి టేపులున్నాయేమో అడిగించండి. బీరువా పైన అట్టపెట్టెలో పడేసి ఉండొచ్చు. డబ్బడిగితే ఇచ్చేయండి, బేరాలాడకండి.